బ్రిడ్జి మీద ఐసు

ఐసు మోసే ఇంట్లో వేసవి వచ్చిందంటే ఎవరి కాళ్లూ నేల మీద నిలవవు. ఆ సంగతి అక్కావాళ్లింటికి వచ్చిన మొదటి రోజు తెల్లవారేసరికే నాకు తెలిసిపోయింది. పరీక్షలు రాసి, మా ఊళ్లో బస్సెక్కి, సెలవుల్లో అక్కకు సాయంగా ఉంటానని వచ్చాను. సంచీ ఇంకా విప్పనేలేదు, అక్క నా చేతిలో ఒక గోనెపట్టా పెట్టి "పద, బండెక్కు" అంది.

ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు చెక్క బల్ల మీద నుంచి జారుతూ వచ్చేవి. ఒక్కొక్కటి నా నడుమంత ఎత్తు ఉండేది. పైన నిలబడ్డ కూలీ "వస్తోందొస్తోందొస్తోంది!" అని కేకేసేవాడు. కింద మా బావ ఇనప కొక్కెంతో దాన్ని అందుకుని వ్యానులోకి లాగేవాడు. అక్క దోసిళ్లతో రంపపు పొట్టు జల్లి, తడి గోనెలు కప్పి, అంచులు నొక్కేది. అంతా పరుగు మీదే. ఐసుకి మొహమాటం తెలీదు. దారిలో ఎవరైనా కనిపించారు కదా అని ఆగి కుశలమడిగితే, అది తన దారిన తాను కారిపోతుంది.

లోడు ఎత్తాక మేం ముగ్గురం ఎక్కేవాళ్లం. బావ స్టీరింగు దగ్గర, పక్కన నేను, వెనక ఐసు మీద గోనెలు ఎగిరిపోకుండా అక్క. ఊరు ఈ చివర నుంచి ఆ చివర చేపల మార్కెట్టుకి పోవాలి. మధ్యలో రైలు పట్టాల మీద ఎత్తైన బ్రిడ్జి. తెల్లారి గాలి, టైర్ల కింద నీళ్ల చార, వెనక నుంచి అక్క "పోనీ! పోనీ!" అని బండి రేకు మీద చరుస్తుంటే నేను సీటు అంచు గట్టిగా పట్టుకునేదాన్ని. బడికి నడిచి వెళ్లి నడిచి వచ్చిన పిల్లని. ఉద్యోగమంటే ఇలా కూడా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

మా బావకి దేవుడు చెవులు రెండూ ఇచ్చాడు కానీ వాటి పని కూడా నోటికే అప్పజెప్పాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలుపెడితే మార్కెట్టు దాకా ఆపేవాడు కాదు. నేను నోరు విప్పేదాన్ని కాను కాబట్టి నాకు మూగనోము అని పేరు పెట్టాడు.

"ఏం మూగనోమూ, ఇవాళ నోము ఎన్నింటికి విడుస్తావు?"

నేను నవ్వి ఊరుకునేదాన్ని. అతను ఊరుకునేవాడు కాదు.

ఆ వేసవి మొదట్లోనే బావ బుర్రలో ఒక ఉపాయం పుట్టింది. ఐసు కరిగిన నీళ్లు, వాటితో పాటు పొట్టూ బండి పక్కనున్న డీజిలు ట్యాంకు మూత మీద పడుతుండేవి. నీటి చుక్క డీజిల్లో కలిస్తే ఇంజను పాడవుతుందని అతని భయం. మందపాటి ప్లాస్టిక్ కవరొకటి తెచ్చి మూతకి తొడిగి, సైకిలు ట్యూబు ముక్కతో చుట్టూ బిగించి కట్టేశాడు. ఫ్యాక్టరీలో కనిపించిన ప్రతి డ్రైవరుకీ చూపించాడు.

"చూడండ్రా, చీమ కూడా దూరదు! దీన్నంటారు బుర్ర!"

ఆ వారంలోనే బండి మొదటిసారి బ్రిడ్జి మీద ఆగిపోయింది.

ఎత్తు సగం ఎక్కాక దగ్గింది, వణికింది, నిలబడిపోయింది. బావ దిగి బానెట్ ఎత్తాడు. అది ముట్టుకున్నాడు, ఇది ముట్టుకున్నాడు. సెల్ఫ్ కొట్టాడు. వెనక అక్క గోనెల కింద చెయ్యి పెట్టి "కారుతోందిరా నాయనా!" అని ఒకటే గోల. చివరికి బావ డీజిలు ఉందో లేదో చూద్దామని ట్యూబు కట్టు విప్పి, మూత తీసి, పొడుగు పుల్ల ముంచి చూశాడు. ఉంది. మళ్లీ కట్టేసి, డీజిలు లాగే చేతిపంపు నాలుగుసార్లు నొక్కి సెల్ఫ్ కొడితే బండి గుర్రంలా లేచింది.

"నా చెయ్యి పడితే లేవక చస్తుందా!" అన్నాడు బావ.

ఆ సాయంత్రం బండిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం.

డాక్టరంటే మెకానిక్కే. ఇంజను మీద పొడుగాటి స్క్రూడ్రైవరు ఆనించి, దాని పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటాడని డ్రైవర్లు అతనికి ఆ పేరు పెట్టారు. మా బావకి ప్రాణస్నేహితుడు. ఒకరినొకరు అన్నా అంటే అన్నా అనుకునేవాళ్లు.

"ఏంటన్నా, ఏమైంది?" అన్నాడు డాక్టరు.

బావ ఇంకా బండి దిగలేదు. "ఫిల్టరు మూసుకుపోయింది. నాకు తెలుసు. ఎత్తెక్కేటప్పుడు దగ్గింది. దగ్గిందంటే ఫిల్టరే."

డాక్టరు స్క్రూడ్రైవరు తీసి కాసేపు విన్నాడు. "నీది చెవి కాదన్నా, మిషను. ఫిల్టరే."

బావ నా వైపు తిరిగి కనుబొమలు ఎగరేశాడు.

"మీరు పోయి టీ తాగి రండి. ఇక్కడంతా గ్రీజు. ఆడపిల్ల బట్టలు పాడైపోతాయి" అన్నాడు డాక్టరు ఎంతో మర్యాదగా.

టీకొట్టు షెడ్డు వెనక ఉండేది. అక్కడ కూర్చుంటే బండి వెనక టైరొక్కటే కనిపించేది. మేం టీ తాగి వచ్చేసరికి డాక్టరు చేతులు తుడుచుకుంటున్నాడు. ఫిల్టరు మార్చానన్నాడు. "రేపు దారిలో తాజా డీజిలు పోయించు అన్నా, అంతా శుభ్రమైపోతుంది" అన్నాడు. మరునాడు బ్రిడ్జికి ఇవతలున్న బంకులో డీజిలు పోయించుకుని ఎక్కితే బండి ఎక్కడా ఆగలేదు.

"చూశావా!" అన్నాడు బావ. "రోగం నేను చెప్పాను, వైద్యం వాడు చేశాడు. ఇద్దరం కలిస్తే ఇక చూస్కో."

ఎండలు ముదిరాయి. చేపల మార్కెట్టు ఒకటికి రెండింతలు ఐసు అడగడం మొదలుపెట్టింది. అక్కడ అందరికీ పెద్ద ఒకామె ఉండేది, చేపల పెద్దమ్మ అనేవాళ్లు. ఆమె సరేనంటే మార్కెట్టంతా సరేనన్నట్టు. ఇనపచువ్వ పట్టుకుని గేటు దగ్గర నిలబడేది. మేం వెళ్లగానే దిమ్మని చువ్వతో ఒక పోటు పొడిచి, ఐసు పెళుసుగా పగిలితే తల ఊపేది, మెత్తగా దిగితే మొహం తిప్పుకునేది. ఆ వేసవికి ఐసంతా మా దగ్గరే కొంటానని మాట ఇచ్చింది. ఆ మాట మీదే మా ఇల్లు నడుస్తోంది. అక్క పొద్దున లేవగానే ఆకాశం వంక చూసి "ఇంకా ఎండ కాయి తల్లీ, ఇంకా కాయి" అనేది. చుట్టుపక్కల వాళ్లు తిట్టుకునే ఎండని మా అక్క బతిమాలుకునేది.

అలాంటప్పుడు బండి రెండోసారి ఆగింది. మళ్లీ బ్రిడ్జి మీదే.

"ఈసారి పంపు" అన్నాడు బావ డాక్టరుతో. "ఇంజనుకి డీజిలు అందట్లేదు. అందట్లేదంటే పంపే."

"నేనూ అదే అనుకుంటున్నా అన్నా. నోటి దాకా వచ్చింది, నువ్వు అనేశావు."

మళ్లీ టీ. మళ్లీ వెనక టైరు. ఈసారి బిల్లు చూసి అక్క నోరు తెరిచింది కానీ బావ అడ్డుపడ్డాడు. "కొత్త పంపే! ఊరికే వస్తుందా?"

"పాతది ఏదీ?" అంది అక్క.

"పాతది ఏం చేసుకుంటావు వదినా, తుక్కు" అని నవ్వాడు డాక్టరు. "పప్పులో వేసుకుంటావా?"

కొత్త పంపు వేశాక నాలుగు రోజులు బాగానే నడిచింది. ఆ తర్వాత మళ్లీ ఆగింది, రెండ్రోజులు తెరిపిచ్చి ఇంకోసారి ఆగింది. ఆ రోజు మేం మార్కెట్టుకి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. గోనెల కింద దిమ్మలు గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి.

పెద్దమ్మ చువ్వ దిగేసింది. పైకి తీసి, దాని కొస నుంచి కారుతున్న నీళ్లు బావకి చూపించింది.

"ఏమయ్యా, నేను ఐసడిగానా, స్నానానికి నీళ్లడిగానా?"

"బండి కాస్త మొరాయించింది పెద్దమ్మా. ఇంజను బోరు, అదే సిలిండరు, అరిగిపోయినట్టుంది, అదేంటంటే..."

"నీ కబుర్లకి నా చేపలు చల్లబడవు. అదుగో, ఆ ఐసు ట్రాక్టరు వాడు రోజూ గేటు చుట్టూ తిరుగుతున్నాడు. ఇంకొక్క పూట ఇలా తెచ్చావంటే లోపలికి రానిచ్చేది వాడినే. మళ్లీ నన్ను అనకు."

ఇంటికి వచ్చేదాకా బావ మాట్లాడలేదు. బావ మాట్లాడకపోవడం నేను చూడటం అదే మొదలు. మధ్యాహ్నం అన్నం తిని, బండి తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లిపోయాడు.

అక్కా నేనూ పెరట్లో గోనెలు ఆరేస్తున్నాం. చెప్పాలా వద్దా అని నేను అప్పటికే ఒక తీగ నిండా గోనెలు వేసేశాను.

"అక్కా, బంకు దగ్గర ఆగిన రోజు బండి ఆగట్లేదు."

"ఏంటే?"

"దారిలో డీజిలు పోయించుకున్న రోజు బ్రిడ్జి ఎక్కేస్తోంది. ముందురోజు సాయంత్రమే పోయించుకొచ్చిన రోజు ఎక్కట్లేదు."

"తాజా డీజిలని మీ బావ అంటాడుగా."

"తాజా కాదక్కా. మూత." నేను గోనె దులిపి తీగ మీద వేశాను. "బండి ఆగినప్పుడల్లా బావ కట్టు విప్పి మూత తీస్తాడు కదా, పుల్ల పెట్టి చూడటానికి. తియ్యగానే స్సుమంటుంది. గాలి లోపలికి పీలుస్తుంది. ఆ తర్వాతే బండి కదులుతుంది. ఇవాళ అన్నిటికన్నా ఆలస్యమెందుకైందో చూశావా? డీజిలు నిండా ఉందని తెలుసు కాబట్టి బావ చాలాసేపు మూత జోలికే పోలేదు. ఊరికే బానెట్ దగ్గర తంటాలు పడ్డాడు. ఆఖర్న మూత తీశాడు, వెంటనే లేచింది."

అక్క చేతిలో గోనె అలాగే పట్టుకుని నిలబడింది. "అంటే..."

"మూతకి మధ్యలో సూదిబెజ్జమంత రంధ్రముంది. బండి కడిగేటప్పుడు చూశాను. డీజిలు తగ్గేకొద్దీ దాంట్లోంచి గాలి లోపలికి పోవాలనుకుంటా. బావ కవరు బిగించి కట్టేశాడు కదా."

"ఎప్పట్నుంచి చూస్తున్నావే ఇదంతా?"

"రెండోసారి ఆగినప్పుడు అనుమానమొచ్చింది. నిజమో కాదో అని ఆగాను."

"మరి మీ బావతో చెప్పొద్దుటే!"

"మొదలుపెట్టానక్కా. 'బావా, ఆ మూత...' అన్నాను. 'చూశావా నా బుర్ర!' అన్నాడు. ఆ తర్వాత మార్కెట్టు దాకా ఆయనే మాట్లాడాడు."

అక్క పకపకా నవ్వుతూ తడి గోనెల మీదే కూలబడింది. అంతలోనే నవ్వు ఆగిపోయింది. చటుక్కున లేచింది.

"ఒసేయ్! బోరు పోయిందంటున్నాడు, ఆయన ఇంజను దింపించడానికే పోయాడే! ఇంజను దింపితే మళ్లీ ఎప్పటికి ఎక్కిస్తారు? వేసవి వెళ్లిపోతుంది!"

చెప్పులు వేసుకున్నామో లేదో కూడా గుర్తులేదు. మా అక్క చీర కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని సందులో పరిగెడుతుంటే, వెనక నేను. సైకిళ్ల వాళ్లు పక్కకి తప్పుకున్నారు. "ఏమైందమ్మా, ఎవరికైనా బాలేదా?" అని ఎవరో అడిగితే "బండికి!" అని అరిచి పోయాను. అంత గట్టిగా నేను అరవగలనని నాకే తెలీదు.

షెడ్డులో మా వ్యాను బానెట్ ఊడదీసి గోడకి ఆనించారు. పైన దూలానికి గొలుసు వేలాడుతోంది. డాక్టరు కొక్కెం అందుకుంటున్నాడు. బావ పక్కనే నిలబడి "బోరే, అనుమానం లేదు" అంటున్నాడు.

"ఆపండి!" అంది అక్క రొప్పుతూ.

"ఏంటి వదినా?"

"ఏమైంది బండికి?"

"బోరు పోయింది. అన్న చెప్పాడుగా."

"అన్న చెప్పాడు సరే. నువ్వేం చూశావు?"

డాక్టరు స్క్రూడ్రైవరు వైపు చూశాడు. "విన్నాను."

"నీడపట్టున నిలబెట్టిన బండి నీకేం చెబుతుంది? అది ఆగేది బ్రిడ్జి మీద, ఐసెత్తాక. నువ్వెప్పుడైనా అక్కడికొచ్చి చూశావా? రోగం వచ్చే చోటికి డాక్టరు రావాలా, వద్దా?"

అక్కడ బల్ల మీద కూర్చున్న డ్రైవర్లలో ఒకతను "అడిగినదాంట్లో తప్పేముంది డాక్టరూ, పోయిరా" అన్నాడు. ఇంకొకతను "ఫీజు ఎక్కువడుగు, ఇంటికొచ్చి చూడటం కదా!" అన్నాడు. అందరూ నవ్వారు. డాక్టరు కూడా నవ్వక తప్పలేదు.

"సరే వదినా. రేపు పొద్దున వస్తా. బ్రిడ్జి మీద ఆగిపోయిందనుకో, అప్పుడు?"

"అక్కడే దింపు ఇంజను. గొలుసు నేనే పట్టుకుంటా. ప్రస్తుతానికి బానెట్ బిగించి ఇచ్చెయ్. ఇంకేం ముట్టుకోకు."

ఇంటికి వస్తుంటే బావ గింజుకున్నాడు. "వాడేమనుకుంటాడే? స్నేహితుణ్ణి పట్టుకుని..."

"ఏమీ అనుకోడు. నువ్వు దారిలో డీజిలు పోయించి, మూత రోజూలాగే కట్టు" అంది అక్క.

"గట్టిగా కట్టు బావా" అన్నాను నేను. బావ సంబరపడిపోయి ట్యూబు ఇంకో చుట్టు తిప్పాడు.

ఆ మర్నాడు పొద్దున ఫ్యాక్టరీలో దిమ్మలు జారుతుంటే నేను ఒకే దిమ్మ మీద రెండుసార్లు గోనె కప్పాను. బండి ఆగకపోతే డాక్టరుకి చూపించేదేమీ ఉండదు. ఆగి మళ్లీ కదలకపోతే మార్కెట్టు ఉండదు. నేను అనుకున్నది తప్పైతే? అక్క నా మొహం చూసి, కొక్కెంతో దిమ్మ మూల కొట్టి, పగిలిన ఐసు ముక్కలు ఒక గిన్నెలో వేసి నా ఒళ్లో పెట్టింది. ఒక ముక్క తీసి బావ నోట్లో కుక్కింది.

"ఇది కరిగేదాకా నువ్వు మాట్లాడకూడదు. కరిగితే చెల్లి ఇంకోటిస్తుంది. ఇవాళ రోగం నువ్వు చెప్పొద్దు. డాక్టర్ని చెప్పనీ."

"ఊఁ! ఊఁ ఊఁ!" అన్నాడు బావ.

డాక్టరు నా పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. బండి కదిలింది. బంకు వచ్చింది. బావ అలవాటుగా అటు తిప్పబోతే నేను తల అడ్డంగా ఊపాను. బంకు వెనక్కి పోయింది. బావ ఏదో అనబోయాడు, నేను ఇంకో ముక్క అందించాను. అతని బుగ్గలు రెండూ ఉబ్బిపోయాయి. కళ్లు మాత్రం ఆగకుండా మాట్లాడుతూనే ఉన్నాయి.

బ్రిడ్జి ఎత్తు మొదలైంది. ఎక్కుతోంది. ఎక్కుతోంది. ఇవాళే ఎక్కేస్తుందా ఏం ఖర్మ అనుకున్నాను. అప్పుడు దగ్గింది. బండి ఆగిపోతే అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

డాక్టరు దిగి బానెట్ ఎత్తాడు. చేతిపంపు నొక్కాడు. "కొట్టన్నా సెల్ఫ్!" బావ కొట్టాడు. రాలేదు. ఇంకోసారి. రాలేదు. వెనక అక్క రెండు గోనెలు పరిచి వాటి మీద తనే పడుకున్నంత పని చేసింది. దూరంగా, కింద నుంచి ట్రాక్టరు చప్పుడు వినిపించింది. పైకి వచ్చి, మా పక్కనుంచే పోయింది. ట్రాక్టరు వాడు చెయ్యి ఊపి మరీ పోయాడు. తొట్టిలో ఐసు.

"బోరే వదినా. నే చెప్పలా?" అన్నాడు డాక్టరు చేతులు దులుపుకుంటూ.

నేను దిగాను. బండి పక్కకి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని ట్యూబు కట్టు విప్పసాగాను. బావ ఎంత బిగించాడో, గోరు విరిగింది. కవరు లాగేసి, రెండు చేతులతో మూత తిప్పాను.

స్స్... అని పొడుగ్గా పీల్చింది ట్యాంకు. డాక్టరు మెడ ఇటు తిరిగింది. అతను చెవితో బతికేవాడు. ఆ చప్పుడేమిటో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఇప్పుడు నొక్కండి" అన్నాను.

చేతిపంపు నొక్కాడు. బావ సెల్ఫ్ కొట్టాడు. ఒకసారి గురగురమంది, రెండోసారి బండి లేచి నిలబడింది! అక్క వెనక నుంచి వేసిన కేకకి బ్రిడ్జి మీద పోతున్న వాళ్లందరూ ఆగి చూశారు.

మూత నా చేతిలోనే ఉంది. బానెట్ ఇంకా మూయలేదు. కడిగేటప్పుడు నాకు బయటి భాగాలే అందేవి, లోపల అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. డాక్టరు చెయ్యి ఆనించిన పంపు వైపు చూశాను. దాని బోల్టుల మీద రంపపు పొట్టు తడిసి, ఎండి, మళ్లీ తడిసి, చెక్కులా పేరుకుపోయి ఉంది. విరగని గోటితో గీకాను. పొర కింద పొర ఊడింది. పానా పెట్టి తిప్పితే ఆ చెక్కు అలా ఉండదు.

"ఇది కొత్త పంపా?" అని అడిగాను.

డాక్టరు నా వేలి వైపు చూశాడు. బావ తలుపులోంచి మెడ చాచి చూశాడు. నోరు తెరిచాడు. ఐసు ముక్క జారి రోడ్డు మీద పడింది.

"తర్వాత తేల్చుకోండి!" రేకు మీద అక్క రెండు చేతులా వాయించింది. "ముందు పోనీ! కరుగుతోంది!"

బానెట్ దబ్బున మూసి నేను ఎక్కాను. ఎక్కేముందు ట్యాంకు మూత పెట్టి తిప్పానే గానీ కవరు కట్టలేదు. బావ గేరు వేశాడు. డాక్టరు ఎక్కడానికి అటు వైపు చుట్టి వచ్చేలోగా బండి ముందుకు దూకింది. అద్దంలో చూస్తే చేతిలో పానాతో నడిరోడ్డు మీద నిలబడి ఉన్నాడు.

బ్రిడ్జి దిగుడులో మా బావ అలా తోలడం అంతకు ముందెప్పుడూ చూడలేదు. మలుపు దగ్గర ట్రాక్టరు తోక కనిపించింది. అది గతుకుల్లో గంతులేస్తూ పోతోంది. బావ హారన్ మీద చెయ్యి తియ్యలేదు. మార్కెట్టు వెనక సందులోకి తిప్పాడు. నీళ్ల బిందెల వాళ్లు గోడకి అంటుకుపోయారు. సందు చివర గేటు. అటు నుంచి ట్రాక్టరు, ఇటు నుంచి మేము. పెద్దమ్మ అప్పటికే ట్రాక్టరు వాడికి రమ్మని చెయ్యెత్తింది.

ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి మా వైపు చూసింది. నడుచుకుంటూ మా బండి వెనక వైపుకి వచ్చింది. అక్క గోనెలు లాగేసింది. పెద్దమ్మ చువ్వ ఎత్తి పొడిచింది.

టంగుమంది. ఐసు పెచ్చులు ఎగిరి నా మొహాన పడ్డాయి. మూలలు ఇంకా కోసుగానే ఉన్నాయి.

"ఊఁ" అంది పెద్దమ్మ. తర్వాత ట్రాక్టరు వైపు తిరిగి, "నువ్వు వెళ్లిరా నాయనా" అంది. మళ్లీ మాతో, "రేపట్నుంచి ఇంకో నాలుగు దిమ్మలు ఎక్కువ తీసుకురండి. చూస్తూ నిలబడ్డారేం? దించండి!"

దించాం. ఎలా దించామో తెలీదు. మార్కెట్టంతా మా చుట్టూ మూగి బుట్టలు చాపుతుంటే అక్క నవ్వుతూ, అరుస్తూ, ఒక్కొక్కళ్లకీ పగలగొట్టి వేస్తుంటే, బావ ట్యాంకు మూత ఊడదీసుకుని ఒకచోట కూర్చుని దాని రంధ్రంలోంచి ఆకాశం వైపు చూస్తున్నాడు.

"అంటే దాని గొంతు నులిమింది నేనే అన్నమాట" అన్నాడు. "నేనే నులిమి, నేనే మోసుకెళ్లి, రోగం పేరు కూడా నేనే చెప్పాను."

తిరిగొస్తుంటే డాక్టరు బ్రిడ్జి గోడ మీద కూర్చుని ఉన్నాడు. బావ బండి ఆపాడు. ముందు అక్క కూర్చుంది కాబట్టి అతను వెనక తడి పొట్టులోకి ఎక్కాడు. షెడ్డు దగ్గర దిగాక, బావ కిటికీలోంచి మెల్లగా అడిగాడు. "ట్యాంకు సంగతి నీకు తెలుసా?"

"లేదన్నా. ఒట్టు. ట్యాంకు వైపు నేను చూడనే లేదు. నువ్వు ఫిల్టరంటే ఫిల్టరు చూశా. కాదంటే నువ్వు నొచ్చుకుంటావు. అవునంటే సంతోషిస్తావు. నాకూ పని తేలిక."

"పంపు?"

డాక్టరు చేతిలో పానాని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. "అడిగేవాళ్లెవరూ లేరు కదా అనుకున్నా."

బావ మొహం చూసి నాకు జాలేసింది. బండి ఆగినప్పుడు కూడా అతను అంత దిగులుగా లేడు. డాక్టరు లోపలికి వెళ్లి వచ్చి, పంపుకి తీసుకున్నదంతా అక్క చేతిలో పెట్టాడు. అక్క లెక్కపెట్టలేదు.

"పంపు నిజంగానే అలిసిపోయిందన్నా" అన్నాడు డాక్టరు నేల వైపు చూస్తూ. "రేపు తీసుకురా. ఈసారి మారుస్తా. డబ్బులొద్దు."

బావ అక్క వైపు చూశాడు. అక్క నా వైపు చూసింది. డాక్టరు కూడా నా వైపే చూశాడు. అక్కావాళ్లింటికి వచ్చాక నా మాట కోసం అందరూ ఆగడం అదే మొదలు.

"మార్చొద్దు" అన్నాను. "ముందు దాని మీద పొట్టు తుడిచి, విప్పి చూడండి. ఏముందో మాకు చూపించండి. మార్చాలో వద్దో తర్వాత చెబుతాం. మేం టీకి వెళ్లం."

"సరేనమ్మా" అన్నాడు డాక్టరు.

మరునాడు విప్పి చూస్తే పంపు బాగానే ఉంది. అలిసిపోయింది దాని లోపలి చిన్న రబ్బరు పొర. అదొక్కటే మార్చి, పాతది నా అరచేతిలో పెట్టాడు. బావ ఏదో అనబోయి, నా వైపు చూసి, తనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ వారం నుంచి ఫ్యాక్టరీలో డ్రైవర్లు షెడ్డుకి పోయేముందు మా బావనడిగేవాళ్లు, "మీ మూగనోముని ఒక పూట పంపుతావా?" అని. నేను వెళ్లి కూర్చునేదాన్ని. పెద్దగా ఏం చేసేదాన్ని కాదు. చూసేదాన్ని. ఎప్పుడైనా ఒక మాట అడిగేదాన్ని.

ఐసు కరగడం ఎవరూ ఆపలేరు, దాని పనే అది. కానీ ఆ వేసవి మిగిలినన్నాళ్లూ అది మార్కెట్టులో, చేపల మీద కరిగింది. బ్రిడ్జి మీద కాదు.